సూర్యుడిది మందకొడి మంట

రథసప్తమి తెల్లవారుజామున అరసవల్లిలో వరుసలో నిలబడినవాళ్లకు పొద్దు గడవడానికి రెండే దారులు. ముందున్నవాళ్లతో మాట్లాడటం, లేదా ఫోను చూసుకోవడం. మా వీధి రైతు ఒకాయన రెండూ కలిపి చేస్తున్నారు. ఏదో వార్త చదివి నా వైపు తిరిగారు.

"మాస్టారూ, చైనావాళ్లు సూర్యుణ్ణే తయారు చేశారట. పదిహేడు నిమిషాలు వెలిగించారట. మనం చూస్తే ఈ స్వామి కోసం అర్ధరాత్రి నుంచి నిలబడ్డాం."

చుట్టుపక్కల నలుగురు నవ్వారు, నేనూ నవ్వాను. కానీ ఆ 'కృత్రిమ సూర్యుడు' అనే మాట నాకు చాలాకాలంగా కంట్లో నలుసు. తప్పు ఆయనది కాదు. హైడ్రోజన్ కేంద్రకాలు కలిసి హీలియం అవుతాయి, సంలీనం అనే ఆ కలయికలో శక్తి పుడుతుంది, సూర్యుడిలో జరిగేదీ రియాక్టర్లో జరిగేదీ అదే అని ఏళ్ల తరబడి తరగతి గదిలో నేనూ చెప్పాను. అబద్ధం చెప్పలేదు. కాకపోతే పిడకల దాలి, తారాజువ్వ రెండూ మండేవే అంటే ఎంత నిజమో అదీ అంతే నిజం. భూమ్మీద సంలీన రియాక్టర్ కట్టేవాళ్లు నిజంగా సూర్యుణ్ణే అనుకరించి కూర్చుంటే, ఆ యంత్రంతో వాళ్ల గదిలో దీపం కూడా వెలగదు.

ఎందుకో చెప్పడానికి మా రైతుగారి పెరట్లోకే వెళ్లాలి.

పశువుల పేడ, చెత్త, ఊడ్చిన గడ్డి కలిపి వేసిన కుప్పను మా వైపు గత్తం అంటాం. చలికాలం ఉదయం ఆ కుప్పలో పార దించి పక్కకు లాగితే లోపలి నుంచి ఆవిరి లేస్తుంది. పైన మంచు తడి, జానెడు లోపల వెచ్చదనం, నడిమధ్యలో చేయి పెడితే వెంటనే తీసేసుకునేంత వేడి. అక్కడ మంట లేదు, నిప్పు లేదు. కంటికి కనబడని సూక్ష్మజీవులు తీరిగ్గా తింటూ ఉంటే పుట్టే వేడి అది.

ఇప్పుడు సూర్యుడి నడిమధ్యకు వెళదాం. అక్కడ ఉష్ణోగ్రత సుమారు కోటిన్నర డిగ్రీలు. పదార్థం నీటికంటే 150 రెట్లు బరువైనది. అక్కడి నుంచి ఒక్క ఘనమీటరు ముక్క తెచ్చి తూస్తే 150 టన్నులు, అంటే పది టన్నుల లారీలు పదిహేను. అంత బరువు, అంత వేడి ఉన్న ఆ ముక్కలో సంలీనం వల్ల పుట్టే శక్తి ఎంత? సుమారు 275 వాట్లు. మన ఇళ్లలో తిరిగే పాత సీలింగ్ ఫ్యాన్లు మూడు, మహా అయితే నాలుగు. బాగా మాగుతున్న గత్తం కుప్ప కూడా ఘనమీటరుకు దాదాపు ఆ స్థాయిలోనే వేడి పుట్టిస్తుంది. బరువు లెక్కన చూస్తే ఇంకా విచిత్రం. మీరూ నేనూ ఊరికే కూర్చుని వంద వాట్ల వేడి వదులుతాం. సూర్యుడి మొత్తం శక్తిని మొత్తం బరువుకు పంచి చూస్తే, కిలోకు మన ఒంటి వేడే వేల రెట్లు ఎక్కువ.

వరుసలో ఈ మాట చెప్పినప్పుడు వెనకనుంచి ఒక పెద్దావిడ "స్వామివారి గుమ్మంలో నిలబడి ఆ మాటలేమిటి నాయనా" అని మందలించారు. ఆవిడకు చెప్పిన సమాధానమే ఇక్కడా చెబుతాను: ఇందులో స్వామికి తక్కువేమీ లేదు. గొప్పతనం మంట వేగంలో లేదు, పరిమాణంలో ఉంది, ఓర్పులో ఉంది. సూర్యుడిలో పదమూడు లక్షల భూములు పడతాయి. ఘనమీటరుకు ఎంత తక్కువ పుట్టినా అన్ని ఘనమీటర్ల నుంచి వచ్చేది కలిస్తే ఆ వెలుగు. సెకనుకు సుమారు 60 కోట్ల టన్నుల హైడ్రోజన్ హీలియంగా మారుతోంది. అందులో 40 లక్షల టన్నులకు పైగా ద్రవ్యరాశి పూర్తిగా శక్తి రూపం దాలుస్తోంది. అయినా 460 కోట్ల ఏళ్లుగా సరుకు అయిపోలేదు, మరో 500 కోట్ల ఏళ్లకు సరిపడా ఉంది. మంట మందకొడిది కాకపోయి ఉంటే ఈ పాటికి ఎప్పుడో ఆరిపోయేది.

ఇంతకీ అంత మందకొడితనం ఎందుకు? సూర్యుడిలో మొదటి మెట్టు చాలా ఎత్తు. రెండు ప్రోటాన్లు, అంటే హైడ్రోజన్ కేంద్రకాలు, కలవాలి. రెండింటిదీ ధనావేశమే కాబట్టి దగ్గరికి వచ్చేకొద్దీ నెట్టుకుంటాయి. కోటిన్నర డిగ్రీల వేడి కూడా ఆ గోడను దాటించడానికి చాలదు. గోడను ఎక్కకుండానే అప్పుడప్పుడు ఒక కణం అవతల తేలగలదని క్వాంటం సిద్ధాంతం చెబుతుంది. దాన్నే టన్నెలింగ్ అంటారు. 1928లో జార్జ్ గామో ఈ ఆలోచనను కేంద్రకాలకు వర్తింపజేశాక గాని సూర్యుడు ఎలా మండగలుగుతున్నాడో అర్థం కాలేదు.

గోడ దాటినా పని పూర్తి కాదు. రెండు ప్రోటాన్లు అతుక్కుని నిలబడలేవు. కలిసిన ఆ రెప్పపాటులో, నిజానికి రెప్పపాటులో కోట్ల కోట్ల వంతులో, వాటిలో ఒకటి న్యూట్రాన్‌గా మారాలి. అలా మార్చేది బలహీన కేంద్రక బలం. పేరుకు తగ్గట్టే దాని పని చాలా నెమ్మది. పెళ్లిచూపులు రోజూ జరుగుతాయి, ముహూర్తమే కుదరదు. సూర్యుడి కేంద్రంలో ఒక సగటు ప్రోటాన్ ఈ సంబంధం కోసం ఎదురు చూసే కాలం సుమారు 900 కోట్ల సంవత్సరాలు. అది కుదిరి డ్యుటీరియం అనే బరువైన హైడ్రోజన్ పుట్టిందా, మిగతా తతంగం గబగబా సాగిపోతుంది. సెకన్లలోనే డ్యుటీరియం మరో ప్రోటాన్‌ను పట్టుకుని హీలియం-3 అవుతుంది. అలాంటివి రెండు కలిసి మామూలు హీలియం అవుతాయి. ఆలస్యమంతా గుమ్మం దగ్గరే. ఈ మొదటి మెట్టు ఎంత అరుదంటే, ప్రయోగశాలలో దాని వేగాన్ని ఇంతవరకు ఎవరూ నేరుగా కొలవలేదు. సిద్ధాంతం ఇచ్చిన లెక్కనే వాడుకుంటున్నాం. బరువైన నక్షత్రాల్లో కర్బనం, నైట్రోజన్ మధ్యవర్తులుగా సాగే మరో దారి ఉంది. 1939లో హాన్స్ బేతే దాన్ని విడమరిచారు. మన రియాక్టర్లకు అదీ పనికిరాదు.

కాబట్టి భూమ్మీది ఇంజనీర్లు మొదట చేసిన పని సూర్యుడి ఇంధనాన్ని పక్కన పెట్టడం. వాళ్లు తీసుకున్నవి డ్యుటీరియం, ట్రిటియం. రెండూ హైడ్రోజన్ రకాలే, కానీ మొదటిదానిలో ఒక న్యూట్రాన్, రెండో దానిలో రెండు ముందే ఉన్నాయి. ఏ ప్రోటానూ రూపం మార్చుకోనక్కర్లేదు, ముహూర్తం బెడద లేదు. దగ్గరికి వస్తే చాలు, బలమైన కేంద్రక బలం అతికించేస్తుంది. ప్రోటాన్లు రెండూ కలిసే వేగంతో పోలిస్తే ఇది కోటి కోట్ల కోట్ల రెట్ల కంటే ఎక్కువ.

అలాంటప్పుడు కోటిన్నర డిగ్రీలు చాలాలి కదా? చాలదు, పదిహేను కోట్ల డిగ్రీలు కావాలి. ఫ్రాన్స్‌లో కడుతున్న ఈటర్ రియాక్టర్ లక్ష్యం అదే. సూర్యుడి కేంద్రం కంటే పదిరెట్లు. ఈ అంకె వినగానే అందరూ నోరు తెరుస్తారు గాని, నిజానికి అది మన లోటును పూడ్చుకోవడానికి కడుతున్న జరిమానా. సూర్యుడి దగ్గర సాంద్రత ఉంది, బోలెడు కాలం ఉంది. మన దగ్గర రెండూ లేవు. ఈటర్ లోపల ఉండే ప్లాస్మా, అంటే వేడికి ఎలక్ట్రాన్లు విడిపోయిన వాయువు, మనం పీల్చే గాలి కంటే రెండున్నర లక్షల రెట్లు పలచన. సుమారు 830 ఘనమీటర్ల చోటులో ఉండే ఇంధనమంతా కలిపినా కొన్ని గ్రాములకు మించదు. దాని పీడనం కొన్ని వాతావరణ పీడనాలంత. జాతీయ రహదారి మీద పోయే లారీ టైరులో అంతకంటే ఎక్కువ ఉంటుంది. సూర్యుడి కేంద్రంలో పీడనం వాతావరణ పీడనానికి సుమారు 25 వేల కోట్ల రెట్లు.

అంత పలచని ప్లాస్మాలో కణాలు అరుదుగా ఎదురుపడతాయి. ఎదురుపడ్డ ప్రతిసారీ పని జరిగే అవకాశం పెంచాలంటే వాటిని విపరీతమైన వేగంతో పరుగెత్తించాలి. వేగమంటేనే వేడి. బ్రిటిష్ ఇంజనీరు జాన్ లాసన్ 1950లలో దీన్ని తేటతెల్లం చేశారు. ఎంత సాంద్రత, ఎంత వేడి, ఆ వేడిని ఎంతసేపు పోనివ్వకుండా ఉంచగలం, ఈ మూడింటి లబ్ధం ఒక హద్దు దాటాలి. ఒకటి తక్కువైతే మిగతా రెండూ ఆ బరువు మోయాలి.

ఈ లెక్క ప్రకారం రియాక్టర్ సూర్యుడి కంటే ఎంతో చురుకైన పొయ్యి కావాలి, అవుతుంది కూడా. ఈటర్ అనుకున్నట్టు 500 మెగావాట్ల సంలీన శక్తిని ఇస్తే, ఘనమీటరుకు ఆరు లక్షల వాట్లు. సూర్యుడి కేంద్రంలో పుట్టే 275తో పోల్చి చూడండి. రెండువేల రెట్లు. సూర్యుడు గత్తం కుప్ప అయితే మనం కట్టబోయేది కమ్మరి కొలిమి.

కుప్ప పోలిక ఇంకో చోట కూడా అక్కరకొస్తుంది. గంపెడు పేడ విడిగా పోస్తే వేడెక్కదు. పుట్టిన కాస్త వేడీ చుట్టూ ఉన్న గాలికి పోతుంది. బండ్ల కొద్దీ పోసి కుప్ప వేస్తేనే నడిమి భాగం కాగుతుంది, ఎందుకంటే పై పొరలే దానికి దుప్పటి. సూర్యుడికీ అంతే. కేంద్రం మీద ఏడు లక్షల కిలోమీటర్ల మందాన సొంత పదార్థమే కప్పుకుని ఉంది. కేంద్రంలో పుట్టిన శక్తి కణం కణానికీ తగులుతూ, దారి తప్పుతూ, ఉపరితలానికి రావడానికి పదివేల ఏళ్ల నుంచి లక్షన్నర ఏళ్ల దాకా పడుతుందని రకరకాల లెక్కలున్నాయి. అక్కడి నుంచి మన దాకా ఎనిమిది నిమిషాల ఇరవై సెకన్లు. మార్చిలోనూ అక్టోబరులోనూ అరసవల్లిలో మూలవిరాట్టు పాదాలను తాకే కిరణం పుట్టుక, బహుశా మనిషి ఇంకా వ్యవసాయం మొదలుపెట్టని రోజులది.

ఈటర్ లాంటి, ప్లాస్మాను అయస్కాంతాలతో పట్టి ఉంచే టోకమాక్ యంత్రంలో ఆ దుప్పటి లేదు. ప్లాస్మా ఎంత పలచనంటే అందులో పుట్టిన ఎక్స్ కిరణాలు అడ్డేమీ లేకుండా నేరుగా గోడకు పోతాయి. గోడ నుంచి రాలిన ఏ బరువైన లోహపు అణువులో నాలుగు లోపల కలిసినా ఆ వెలుగు ఇంకా పెరిగి, ప్లాస్మా చల్లబడిపోతుంది. ఈ ఇబ్బందికి దొరికిన మందుల్లో ఒకటి కుప్ప సూత్రమే: పెద్దది చేయడం. వేడి పుట్టేది ఘనపరిమాణంలో, పోయేది ఉపరితలం నుంచి. అందుకే బ్రిటన్‌లోని జెట్ యంత్రం కంటే ఈటర్ ప్లాస్మా దాదాపు ఎనిమిది రెట్లు పెద్దది.

ఇక పట్టి ఉంచడం. సూర్యుణ్ణి పట్టి ఉంచేది సూర్యుడి బరువే. గిన్నె అక్కర్లేదు, కాపలా అక్కర్లేదు. సంలీనం కాస్త ఎక్కువైతే కేంద్రం ఉబ్బుతుంది, ఉబ్బితే చల్లబడుతుంది, చల్లబడితే సంలీనం తగ్గుతుంది. తగ్గితే మళ్లీ కుంచించుకుని వేడెక్కుతుంది. తనను తానే సరిచేసుకునే ఏర్పాటు. మన గ్రాముల ప్లాస్మాకు గురుత్వాకర్షణ సాయం సున్నా. దానికి దిక్కు అయస్కాంత క్షేత్రం. 1950లలో సోవియట్ శాస్త్రజ్ఞులు తామ్, సఖారోవ్ ఆలోచించిన టోకమాక్ ఆకారం అచ్చం గారె లాంటిది, మధ్యలో చిల్లుతో సహా. ఆవేశమున్న కణాలు అయస్కాంత రేఖల చుట్టూ తిరుగుతూ వాటి వెంటే పోతాయి. కానీ రేఖలు ఊరికే గుండ్రంగా ఉంటే కణాలు కొన్ని పైకి, కొన్ని కిందికి జారి గోడను తాకుతాయి. కాబట్టి రేఖలకు పురి ఎక్కించాలి. పొందూరులో రాట్నం మీద నూలు తీసేవాళ్లకు ఈ సంగతి వేరే చెప్పాలా? పురి లేని దూది పోగు లాగగానే విడిపోతుంది, పురి ఎక్కితే నిలుస్తుంది. టోకమాక్‌లో ప్లాస్మా గుండానే లక్షల ఆంపియర్ల విద్యుత్తు పంపి ఆ మెలిక తెప్పిస్తారు. అదే విద్యుత్తు ఒక్కోసారి తిరగబడి మొత్తం అమరికను మిల్లీసెకన్లలో చెదరగొడుతుంది కూడా.

అలా చెదిరితే ఊరికి ప్రమాదమా అని కొవ్వాడ పేరు విన్న ఎవరైనా అడుగుతారు. మన శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలోని కొవ్వాడలో కట్టాలని ప్రతిపాదించినవి విచ్ఛిత్తి రియాక్టర్లు, ఒక్కొక్కటి 1208 మెగావాట్లవి ఆరు. అక్కడ యురేనియం చీలుతుంది, ఇక్కడ హైడ్రోజన్ కలుస్తుంది. విచ్ఛిత్తిలో గొలుసు చర్యను అదుపులో ఉంచడం సమస్య. సంలీనంలో మంటను ఆరిపోకుండా ఉంచడమే సమస్య. గోడను తాకిన ప్లాస్మా గోడకు నష్టం చేసి తానే చల్లారిపోతుంది. ఆ రెంటినీ ఒకే గాటన కట్టి వాదించుకోవడం దండగ.

అలాగని సంలీనం మచ్చలేనిదేమీ కాదు, సూర్యుడితో మరో పెద్ద తేడా ఇక్కడే. సూర్యుడి ప్రధాన చర్యలో విడి న్యూట్రాన్లు పుట్టవు. న్యూట్రినోలనే అతి తేలికైన కణాలు పుడతాయి. శక్తిలో సుమారు రెండు శాతం మోసుకుని దేన్నీ పట్టించుకోకుండా వెళ్లిపోతాయి. మీ బొటనవేలి గోరంత చోటు గుండా సెకనుకు 6,500 కోట్ల న్యూట్రినోలు పోతున్నాయి, రాత్రి పూట కూడా, భూమిని దాటుకుని మరీ. డ్యుటీరియం, ట్రిటియం కలిస్తే మాత్రం శక్తిలో 80 శాతం ఒక న్యూట్రాన్ పట్టుకుపోతుంది. దానికి ఆవేశం లేదు కాబట్టి అయస్కాంతం ఆపలేదు. నేరుగా గోడలోకి దిగుతుంది. మనకు కావలసిన వేడి ఆ దెబ్బలోంచే వస్తుంది. గోడ లోహం పెళుసెక్కేదీ, రేడియోధార్మికం అయ్యేదీ ఆ దెబ్బతోనే. ఏళ్ల తరబడి ఆ దెబ్బలు తట్టుకునే లోహం తయారు చేయడం, నా దృష్టిలో, పదిహేను కోట్ల డిగ్రీల కంటే కష్టమైన పని. వార్తల్లో దాని ఊసు ఉండదు, దానికి రికార్డులు లేవు కదా.

ట్రిటియం మరో తలనొప్పి. డ్యుటీరియానికి లోటు లేదు. కళింగపట్నం దగ్గర సముద్రపు నీరు ఒక ఘనమీటరు తోడితే అందులో సుమారు 33 గ్రాములు ఉంటుంది. దాన్ని భారజలంగా వేరు చేసే కర్మాగారం మన తెలుగు నేల మీదే, మణుగూరు దగ్గర ఉంది. ట్రిటియం అలా దొరకదు. దాని అర్ధాయువు పన్నెండేళ్లకు కాస్త ఎక్కువ, దాచుకుంటే కరిగిపోయే సరుకు. ప్రపంచంలో పౌర అవసరాలకు ఉన్న నిల్వ పాతిక ముప్పై కిలోల స్థాయిలో ఉంటే, వెయ్యి మెగావాట్ల సంలీన శక్తిని ఏడాది పొడవునా పుట్టించడానికి సుమారు 55 కిలోలు కావాలి. కాబట్టి రియాక్టర్ గోడలో లిథియం పెట్టి, ఆ న్యూట్రాన్ల చేతే కొత్త ట్రిటియం తయారు చేయించాలి. విత్తనం వేసిన చేనే మళ్లీ విత్తనం ఇవ్వాలన్నమాట. పూర్తి స్థాయిలో ఇంకా ఎవరూ చేసి చూపలేదు.

మళ్లీ ఆ పదిహేడు నిమిషాల వార్తకు వద్దాం. 2025 జనవరిలో చైనాలోని ఈస్ట్ యంత్రం ప్లాస్మాను 1,066 సెకన్లు నిలిపింది. మరుసటి నెలలోనే ఫ్రాన్స్‌లోని వెస్ట్ 1,337 సెకన్లు నిలిపింది. రెండూ గొప్ప పనులే. కానీ వాటిలో ట్రిటియం లేదు, చెప్పుకోదగ్గ సంలీన శక్తీ లేదు. అన్నం వండలేదు, పొయ్యి మీద ఎసరు అంతసేపు పొంగకుండా నిలిపారు.

నిజంగా వండినవాళ్లూ ఉన్నారు. వాళ్ల లెక్క మన కరెంటు బిల్లు భాషలో చూద్దాం. ఒక యూనిట్ అంటే 3.6 మెగాజౌళ్లు. 2022 డిసెంబరు 5న అమెరికాలోని నేషనల్ ఇగ్నిషన్ ఫెసిలిటీలో 192 లేజర్లను, మిరియపు గింజంత ఇంధనపు గుళిక ఉన్న చిన్న లోహపు డబ్బీలోకి గురిపెట్టారు. సూర్యకేంద్రంతో పోల్చదగ్గ సాంద్రత అక్కడ సెకనులో వందకోట్లో వంతుకంటే తక్కువసేపు ఏర్పడింది. లేజర్లు ఇచ్చింది 2.05 మెగాజౌళ్లు, సంలీనం నుంచి వచ్చింది 3.15. అంటే యూనిట్ కంటే తక్కువే, అదీ వేడి రూపంలో. ఆ లేజర్లను వెలిగించడానికి వాడిన విద్యుత్తు సుమారు 300 మెగాజౌళ్లు, ఎనభై మూడు యూనిట్లు. జెట్ 2023లో మూతపడే ముందు 69 మెగాజౌళ్లు ఇచ్చింది, పందొమ్మిది యూనిట్లు. దానికి ఖర్చయిన ఇంధనం 0.2 మిల్లీగ్రాములు. మొదటి అంకెలు చూస్తే నీరసం వస్తుంది, చివరి అంకె చూస్తే ఇంతమంది ఎందుకు వదలరో తెలుస్తుంది.

ఈటర్‌లో మన దేశం భాగస్వామి. యంత్రమంతటినీ కప్పే క్రయోస్టాట్ అనే పెద్ద ఉక్కు పాత్ర, 3,850 టన్నులది, గుజరాత్‌లోని హజీరాలో ముక్కలుగా తయారై వెళ్లింది. పదిహేను కోట్ల డిగ్రీల ప్లాస్మాకు కొన్ని మీటర్ల దూరంలో మైనస్ 269 డిగ్రీల అయస్కాంతాలు ఉంటాయి. వాటికి ఇది థర్మాస్ ఫ్లాస్కు. గాంధీనగర్ దగ్గరి ప్లాస్మా పరిశోధన సంస్థలో ఆదిత్య అనే టోకమాక్ 1989 నుంచి ఉంది. పేరు మాత్రం సూర్యుడిదే పెట్టుకున్నారు. ఈటర్ తాజా ప్రణాళిక ప్రకారం ప్రయోగాలు 2034లో మొదలవుతాయి, డ్యుటీరియం, ట్రిటియం కలిపి మండించేది 2039లో. అప్పుడైనా అది విద్యుత్తు ఇవ్వదు. ఇవ్వగలమని చూపడానికి కడుతున్నది.

దర్శనమయ్యాక బయటకు వచ్చి ఎండలో నిలబడ్డాం. మా రైతుగారు ఫోను జేబులో పెట్టుకుని కాసేపు ఆలోచించారు.

"అయితే మాస్టారూ, మా గత్తం కుప్పలో ఘనమీటరుకు మూడు ఫ్యాన్లంటారు. నా దగ్గర ఇరవై బండ్లుంది. కరెంటు తీయొచ్చంటారా?"

"వేడి తీయొచ్చు, కరెంటు కష్టం. అయినా దాన్ని పొలానికి ఎప్పుడు తోలిస్తున్నారు?"

"వచ్చే వారం. ట్రాక్టరు మాట్లాడాను."